కరకట్ట దిబ్బ, గులాబీ పొట్ట పిట్టలు

ఈ పనిలో కొత్తగా చేరేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మేడమ్, ఏ బైనాక్యులర్ కొనమంటారు?" నా జవాబూ ఎప్పుడూ ఒకటే. ముందు ఒక జత పాత చెప్పులు చూసుకోండి. చేపల తలకాయలూ రొయ్యల పొట్టూ కుళ్ళిన అరటిబోదెలూ కలిసి నానిన చోట ఒకసారి తొక్కిన చెప్పు మళ్ళీ ఇంటి గడప ఎక్కదు. నా చెప్పులు ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లోనే కాపురం చేశాయి. వాటి పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే మా అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేవారు.

పక్షుల ఉద్యోగం అనగానే జనం వేరే ఏదో ఊహించుకుంటారు. పొద్దున్నే మంచు, తామరపూలు, కొంగల బారులు. అవన్నీ క్యాలెండర్లలో ఉంటాయి. నేను చేసింది చెత్తదిబ్బ పక్కన నిలబడి సీగల్స్‌ని గుర్తుపట్టడం, లెక్కపెట్టడం. తొంభైల మొదట్లో చేరాను. చలికాలం వస్తే చాలు, గుడివాడలో పొద్దున్నే బస్సెక్కి, పామర్రులో మారి, చల్లపల్లి మీదుగా మోపిదేవి దాకా వెళ్ళేదాన్ని. టెలిస్కోపు, దాని మూడుకాళ్ళ స్టాండు పాత నేతచీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకునేదాన్ని. కండక్టర్లందరూ నన్ను పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసే ఆవిడ అనుకునేవారు. ఒకాయన వాళ్ళ మరదలి పెళ్ళికి కూడా పిలిచాడు.

సీగల్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. పావురం కన్నా పెద్దది, తెల్లటి ఒళ్ళు, బూడిదరంగు రెక్కలు. దీపావళి దాటాక ఉత్తరాన ఎక్కడో కొండల అవతలి సరస్సుల నుంచి మా తీరానికి వస్తుంది, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతుంది. అందులో చాలా రకాలున్నాయి. బందరు తీరంలో వేటకెళ్ళేవాళ్ళు అన్నిటినీ కలిపి తెల్లపిట్టలు అంటారు. వాళ్ళకి అంతకు మించి అవసరం లేదు. మాకుంది. మా జీతమే అందుకు.

సముద్రపు పిట్టకి నది ఒడ్డున ఏం పనంటే, తిండి. మోపిదేవి దాటాక కృష్ణ ఒడ్డున, కరకట్టకీ నీళ్ళకీ మధ్య, చుట్టుపక్కల ఊళ్ళ చెత్తంతా పోసే దిబ్బ ఒకటి ఉండేది. కరకట్ట అంటే వరదనీళ్ళు ఊళ్ళ మీద పడకుండా నది వెంట వేసిన మట్టికట్ట. రొయ్యల చెరువులు జోరుగా తవ్విన రోజులవి. రొయ్యల తలకాయలు ట్రాక్టర్లలో తెచ్చి అక్కడే కుమ్మరించేవారు. సముద్రం మీద రోజంతా తిరిగితే దొరికే తిండి అక్కడ పావుగంటలో దొరుకుతుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి పిట్టలకి ఎమ్మెస్సీ అక్కర్లేదు.

కొత్తకోడలిని చూసినట్టు

నాకు పని నేర్పింది వీరాస్వామి గారు. ఆయన ఆఫీసరు కాదు, మా ఆఫీసులో ఫీల్డ్ వాచర్. నాకు జువాలజీలో ఎమ్మెస్సీ, ఆయనకి ఎనిమిదో తరగతి. మొదటి రోజు కరకట్ట మీద నిలబడి నేను బొమ్మల పుస్తకం తెరిచాను. ఒక పిట్టని చూడటం, పేజీ తిప్పడం, పేరు రాయడం. గంటలో నాలుగు రకాలు తేల్చేసి గర్వంగా తలెత్తాను. ఆయన బీడీ ఆర్పి దగ్గరకొచ్చారు.

"అమ్మాయ్, ఆ పుస్తకం సంచిలో పెట్టెయ్. ఇవాళ్టికి ఒక్క పిట్టనే చూడు. అదిగో, ఆ కుండపెంకు పక్కన కూచుందే, దాన్ని. గంటసేపు."

"గంటసేపు ఏం చూడనండీ?"

"కొత్తకోడలు ఇంటికొస్తే అత్తగారు ఎట్టా చూసుద్దో అట్టా చూడు."

నాకప్పటికి పెళ్ళయి ఆరునెలలు. ఆ చూపు ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కూర్చుని చూశాను. చూసేకొద్దీ పిట్ట విడిపోతూ వచ్చింది. అది గోధుమతల గల్. చలికాలంలో దాని తల గోధుమరంగులో ఉండదు. తెల్లబడి, చెవి దగ్గర చిన్న నల్లమచ్చ మాత్రం మిగులుతుంది. కన్ను లేతరంగు. రెక్క కొస నలుపు, ఆ నలుపులో తెల్లచుక్క. ఏడాది నిండని పిల్లయితే రెక్కల మీద మట్టిరంగు మరకలు, తోక చివర నల్లపట్టీ. అంటే పొద్దున నేను తేల్చిన నాలుగు రకాల్లో రెండు వేరే రకాలు కావు, తల్లీ పిల్లా. నాకు చెవులు వేడెక్కాయి. వీరాస్వామి గారు మాత్రం నవ్వలేదు, ఇంకో బీడీ వెలిగించారు.

ఆయన నోటుబుక్కు చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటే. స్కేలు పెట్టి గీసిన గడులు. తల, కన్ను, ముక్కు, కాలు, రెక్క కొస, పిట్ట ఏం చేస్తోంది. ఇవన్నీ అయ్యాక పేరు. ఆఖరి గడి, చూసినవారు.

"పేరు ముందు రాశావనుకో, మిగతా గడులన్నీ ఆ పేరే నింపుద్దమ్మా. నీ కళ్ళు నింపవు," అన్నారు. "పెన్నుతో రాయి. పెన్సిలైతే రబ్బరుకి లొంగుద్ది."

మూడు చలికాలాలు ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన రిటైరయి గూడూరు దగ్గర సొంత ఊరికి వెళ్ళిపోయారు. ఇప్పుడు మీకు చెప్పబోయే తప్పు ఆయన ఉండగా జరిగేది కాదు.

భాస్కరరావు గారు

మా ఆఫీసరు భాస్కరరావు గారు బందరులో ఉండేవారు. ఆయన చెడ్డవారని నేను చెప్పను. పై ఆఫీసు చుట్టూ తిరిగి ఆ టెలిస్కోపు సాధించింది ఆయనే. నాకు జ్వరమొస్తే ఇంటికి మనిషిని పంపారు. కాని ఆయనకి రెండు అలవాట్లున్నాయి. ఒకటి, ఎప్పుడు కనబడినా "కొత్తదేమైనా ఉందామ్మా?" అని అడగడం. ఉన్నది బాగుందా అని ఒక్కసారీ అడగలేదు. రెండోది, మేము పంపిన కాగితాల్లో 'చూసినవారు' గడిలో తన పేరు టైపు చేయించుకోవడం. నిజానికి ఆయన దిబ్బ దగ్గర జీపు దిగిందే లేదు. అద్దం కూడా దించేవారు కాదు, వాసనకి.

మీకూ ఇలాంటి బాసులు తగులుతారు. వాళ్ళని తిట్టుకుని లాభం లేదు. "కొత్తదేమైనా ఉందా" అని ఏళ్ళ తరబడి అడిగించుకున్నాక మన కళ్ళే కొత్తదాన్ని వెతుక్కోవడం మొదలుపెడతాయి. నాకు జరిగింది అదే. అందుకు ఆయన్నొక్కణ్ణే అంటే అన్యాయమవుతుంది.

పొట్ట కింద గులాబీ

వీరాస్వామి గారు వెళ్ళిన మరుసటి చలికాలం. సంక్రాంతి వెళ్ళి పదిరోజులైంది. నేను ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాను, కరకట్ట మీద, దిబ్బకి ఈశాన్యం వైపు. చలికాలంలో గాలి అటునుంచే వీస్తుంది కాబట్టి వాసన నా మీదకి రాదు. పిట్టలు దిబ్బ మీద తిని, దిబ్బకి అవతల ఎక్కడో దిగి, తర్వాత నది మధ్య ఇసుకమేట మీదకి వచ్చి వాలేవి. మేట నాకు బాగా కనబడుతుంది. దిబ్బ అవతల ఏముందో కనబడదు.

మేట మీద ఉన్న గుంపులో కొన్నిటి పొట్ట కింద గులాబీరంగు కనబడింది. లేత గులాబీ, తడిసిన తామరరేకు లోపలి రంగు. పొట్ట కింద గులాబీ ఛాయ ఉండే గల్ ఒకటుంది, సన్నముక్కు గల్. అది మా వైపు కనబడటమే అరుదు. పుస్తకంలో బొమ్మ చూసి చూసి ఆ పేజీ మూల మడతపడిపోయింది. ముప్పై ఏడు పిట్టలు లెక్కపెట్టాను.

నోటుబుక్కు తెరిచి ముందు పేరు రాశాను.

తర్వాత మిగతా గడులు నింపాను. చెవి దగ్గర మచ్చ కనబడుతూనే ఉంది. సన్నముక్కుకి అది ఉండకూడదు, ఉన్నా మసకగా ఉండాలి. 'మసక మచ్చ' అని రాశాను. ముక్కు పొడుగు తేలడం లేదు, నీళ్ళ మీద ఎండ మిలమిలలాడుతోంది. 'పొడుగే' అని రాశాను. చూశారా, వీరాస్వామి గారు చెప్పినట్టే, గడులన్నీ ఆ పేరే నింపింది.

దిబ్బ అవతల నుంచి గుడ్డలు బండకేసి బాదుతున్న చప్పుడు వస్తోంది. రిపోర్టు చివర ఒక వాక్యం చేర్చాను: 'దక్షిణం వైపు కొందరు గుడ్డలు ఉతుకుతున్నారు, పక్షులకు అలజడి.' వెళ్ళి చూడలేదు. చప్పుడు విని రాశాను. నా ఉద్యోగంలో నేను రాసిన వాక్యాలన్నిట్లోకీ సిగ్గుపడేది అదొక్కటే.

భాస్కరరావు గారు ఫోనులో దాదాపు అరిచారు. "ముప్పై ఏడా! అమ్మా, నువ్వు బంగారం!" మూడు వారాల్లో కాగితాలు పైకీ కిందకీ పరిగెత్తాయి. దిబ్బ నుంచి నీళ్ళ దాకా కంచె వేసి, మనుషుల్ని రానివ్వకుండా ఆ చోటుని పక్షులకి కేటాయించాలని ప్రతిపాదన. సిమెంటు స్తంభాలు లారీలో వచ్చి కరకట్ట మీద దిగాయి. హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు గారు స్వయంగా చూడటానికి వస్తున్నారని కబురు.

నాంచారమ్మ గారు

పెద్దాయన వచ్చే ముందురోజు, ఆయన ఎక్కడ నిలబడితే పిట్టలు బాగా కనబడతాయో చూసి గుర్తు పెట్టమని నన్ను పంపారు. నా చోట సిమెంటు స్తంభాలు పేర్చి ఉన్నాయి. దాంతో మొదటిసారి దిబ్బ చుట్టూ తిరిగి దక్షిణం వైపుకి వెళ్ళాను. దిబ్బ వాసనంతా మోసుకుని గాలి మీద పడింది. కళ్ళవెంట నీళ్ళొచ్చాయి.

అక్కడ నాలుగు తాటాకు పాకలు. పెద్ద రాగి కాగు కింద మంట. ఇసుకలో పరిచిన గుడ్డల మీద లతలు, నెమళ్ళు, నలుపూ ఎరుపూ. కలంకారీ అద్దకం వాళ్ళు. నీళ్ళలో మోకాలి లోతున నిలబడి ఒకావిడ గుడ్డ జాడిస్తోంది. నన్ను చూసి గుడ్డ పిండి భుజాన వేసుకుని ఒడ్డుకొచ్చింది. నలభై దాటి ఉంటాయి. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"పిట్టలమ్మ మీరేనా అండీ?"

"నేనే."

"నా పేరు నాంచారమ్మండీ. మావి నాలుగిళ్ళు. ఎల్లుండికల్లా లెగిసిపోవాలని కాగితం ఇచ్చి పోయారు. బందరు కాలవలో నీళ్ళు పాడైపోతే, పారే నీళ్ళు కావాలని ఈ ఏడే ఇక్కడికొచ్చామండీ. నిలవ నీళ్ళలో జాడిస్తే రంగు మురికి పట్టేసుద్ది. ఇక్కణ్ణించి కూడా పొమ్మంటే ఇంకెక్కడుందండీ నీళ్ళు?"

నేనేదో గొణిగాను. పై నుంచి ఆర్డరు అనో ఏదో. ఆవిడ వినలేదు.

"అదంతా కాదండీ. ఏ పిట్ట కోసం మమ్మల్ని లేపుతున్నారో అది చూపించండి. చూసి పోతాం."

న్యాయమైన మాట. స్టాండు పాతి, మేట మీద గులాబీ పొట్ట పిట్టని టెలిస్కోపులో నిలబెట్టి, ఆవిడని చూడమన్నాను. ఎలా చూడాలో తెలియక ముందు రెండు కళ్ళూ మూసింది. తర్వాత ఒక కన్ను ఆనించింది. చాలాసేపు కదల్లేదు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఇదా అండీ? అయ్యో తల్లీ! ఇది మా రంగేనండీ!"

చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. పాకల వెనక, దిబ్బ మొదట్లో, మట్టి తీసిన పెద్ద గుంట. గుడ్డలు ఉడికించాక కాగులో మిగిలిన ఎర్రనీళ్ళూ, పటిక పెట్టిన గుడ్డల్ని తడిపిన నీళ్ళూ అందులోనే పోస్తారు. అవి నదిలో పోస్తే జాడించే నీళ్ళు పాడవుతాయని. గుంట నిండా గోధుమతల గల్స్. రొయ్య తలకాయలు తిని ఒళ్ళు కడుక్కుంటున్నాయి. ముంచుకుని, రెక్కలు విదుల్చుకుని, హాయిగా తేలుతున్నాయి. ఇరవై అడుగుల దూరంలో ప్రతి పిట్టకీ చెవి దగ్గర మచ్చ నల్లగా, పిడకంత స్పష్టంగా ఉంది. పొట్టమీద గులాబీ సరిగ్గా నీటి గీత దాకా వచ్చి ఆగింది, పడవకి అడుగున రంగు వేసినట్టు. నిజమైన ఛాయకి గీత ఉండదు.

"పటిక తగిలిన చోట ఎరుపు వదలదండీ," అంది నాంచారమ్మ గారు. "గుడ్డకైనా ఈకకైనా. మా కోళ్ళు చూడండి."

పాక పక్కన రెండు తెల్లకోళ్ళు తిరుగుతున్నాయి. కాళ్ళూ పొట్టలూ గులాబీ.

నేను అక్కడే ఇసుకలో కూలబడ్డాను. ఎమ్మెస్సీ, మూడేళ్ళ శిక్షణ, టెలిస్కోపు. వాసనకి భయపడి దిబ్బ చుట్టూ ఒక్కసారి నడవలేదు, అంతే. నా ముప్పై ఏడు పిట్టల కోసం నాలుగిళ్ళ వాళ్ళు ఎల్లుండి మూటలు కట్టుకోవాలి.

ఆవిడ గుంట ఒడ్డున రాలిన తెల్లఈక ఒకటి తీసి, సగమే నీళ్ళలో మునిగేలా రాయి ఒత్తు పెట్టింది. "రేపు పొద్దుటికి తీద్దాం. తొందరపడితే రంగు పట్టదండీ," అంది. అప్పటికీ నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం ఆ నవ్వు చూస్తే ఏడుపొచ్చింది.

బందరులో టీ

ఆ సాయంత్రమే బందరు బస్సెక్కి భాస్కరరావు గారింటికి వెళ్ళాను. ఆయన కూర్చోబెట్టి, టీ ఇప్పించి, అంతా విన్నారు. కోప్పడలేదు. కోప్పడితే నాకు తేలికయ్యేది.

"చూడమ్మా," అన్నారు మెల్లగా. "రేపు ఆయన చూస్తారు, సంతోషిస్తారు, వెళ్తారు. పిట్టలు గులాబీగానే ఉన్నాయిగా? కంచె పడితే పిట్టలకి మంచిదేగా? ఏ పిట్టయితేనేం. ఆ అద్దకం వాళ్ళు బందరోళ్ళే, మళ్ళీ బందరొచ్చేస్తారు. రేపు నువ్వు మాట్లాడకు. నేను మాట్లాడతా."

ఆ మాటల్లో ఒక్కటి నన్ను నిజంగా లాగింది. పిట్టలకి మంచిదేగా. తిరుగుబస్సులో దాన్నే తిప్పి తిప్పి చూశాను. ఈ పనిలో మీక్కూడా ఈ మాట తగులుతుంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. పిట్టలకి మంచి చేద్దామని లెక్క తప్పు రాస్తే, రేపు నిజంగా పిట్టల కోసం మీరు రాసే లెక్కని ఎవరూ నమ్మరు. నమ్మకూడదు కూడా. మన దగ్గరున్నది చూపు ఒక్కటే. అది మంచి పనికైనా సరే అద్దెకివ్వకూడదు. ఇంత బాగా అప్పుడు అనుకోలేదు లెండి. అప్పుడు అనుకున్నదల్లా, రేపు నాంచారమ్మ గారి ముఖం ఎలా చూడాలి అని.

చూసినవారు

మర్నాడు మూడు జీపులొచ్చాయి. పెద్దాయన పొట్టిగా, ఓపిగ్గా ఉన్నారు. వాసన గురించి ఒక్క మాట అనలేదు. అక్కడే నాకు ఆయన మీద గౌరవం కలిగింది. టెలిస్కోపులో చూసి "అబ్బ!" అన్నారు. భాస్కరరావు గారు పక్కన నిలబడి సన్నముక్కు గల్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. దూరంగా నాలుగిళ్ళ వాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. నాంచారమ్మ గారి చేతిలో తడి ఈక ఉంది.

నేను మధ్యలో అందుకుని అన్నాను. "సార్, అది సన్నముక్కు కాదండీ. గోధుమతల గల్. రోజూ కనబడేదే. పొట్టకున్నది అద్దకం రంగు. తప్పు గుర్తుపట్టాను."

నేను నాంచారమ్మ గారిని పిలిచాను. ఆవిడ వచ్చి ఈకని పెద్దాయన అరచేతిలో పెట్టింది. రాత్రంతా నానిన సగం గులాబీ, నీళ్ళ పైన ఉన్న సగం తెలుపు, మధ్యలో తిన్నని గీత. ఆయన దాన్ని వేళ్ళతో రుద్దారు. రంగు పోలేదు. టెలిస్కోపులో మళ్ళీ చూశారు, ఈసారి చాలాసేపు. తర్వాత మా రిపోర్టు తెరిచారు.

"ఇది రాసిందెవరమ్మా?"

"నేనేనండీ."

"ఇందులో 'చూసినవారు' దగ్గర నీ పేరు లేదే? భాస్కరరావు గారి పేరు ఒక్కటే ఉంది."

భాస్కరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూసింది ఈవిడేనండీ," అన్నారు.

నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆ గడి నాదవడం అదే మొదటిసారి. తప్పని తేలాకే నాకిచ్చారు. నవ్వు ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు. పెద్దాయన నా వైపు చూశారు, ఆయన మీసాలు కూడా కొంచెం కదిలాయి.

"అయితే రద్దు కూడా ఈవిడే రాయాలి. ఇక్కడే రాయమ్మా," అన్నారు.

జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాశాను. పిట్ట పేరు తప్పని రాశాను. గుడ్డలు ఉతికేవాళ్ళ వల్ల పక్షులకి అలజడి అన్నది నేను చూడకుండా రాసిన మాట అని కూడా రాశాను. అది ఆయన అడగలేదు. కంచె ప్రతిపాదన ఆ మధ్యాహ్నమే ఆగిపోయింది. తెచ్చిన సిమెంటు స్తంభాలు తీసుకుపోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. నాలుగిళ్ళ వాళ్ళు వాటిని పాతి, తాళ్ళు కట్టి, గుడ్డలారేసుకున్నారు. ప్రభుత్వ కంచె అంత అందంగా నేనెక్కడా చూడలేదు.

నన్ను రెండు చలికాలాలు గుడివాడలో కుర్చీకి కట్టేశారు. పోనీయండి. ఆ రెండేళ్ళలో మా అత్తగారు మాత్రం కొబ్బరిచెట్టు పక్కనుంచి హాయిగా తిరిగారు.

మా ఎరుపు కాదు

మళ్ళీ దిబ్బ దగ్గరకి వచ్చాక నా పద్ధతి మారింది. రాగానే దిబ్బ చుట్టూ ఒక చుట్టు, ఎదురుగాలికైనా సరే. తర్వాత గుంట దగ్గర కూర్చుని పిట్టల్ని దగ్గర నుంచి చూడటం. నాంచారమ్మ గారు తీరిక దొరికితే టెలిస్కోపులో కన్ను పెట్టేది. నన్ను వదినగారూ అనడం అలవాటైంది. చదువు రాదు కాని, గోధుమతల గల్‌ని పెద్దదేదో పిల్లదేదో నాకన్నా ముందు చెప్పేది. ఎరుపులో పదకొండు రకాలు విడదీసే కళ్ళకి మచ్చ ఒక లెక్కా.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక మాఘమాసపు ఉదయం, నేను మేట ఈ చివర నుంచి లెక్కపెడుతున్నాను. ఆవిడ ఆ చివర చూస్తోంది.

"వదినగారూ, ఇటొకసారి రండి. దీని పొట్టకున్నది మా ఎరుపు కాదండీ."

"గులాబీయేగా?"

"గులాబీయేనండీ. కాని మాది పైనుంచి అంటుకునే రంగు. ఇది లోపల్నించి వచ్చింది. గీత లేదు. రొమ్ము మీదకొచ్చేసరికి సన్నగిల్లి తెలుపులో కలిసిపోయింది. ఇట్టాటి ఎరుపు మాకు రాదండీ, ఎంత కాచినా."

కన్ను ఆనించాను. ఒంటరి పిట్ట. తల తెల్లగా, నుదురు వాలుగా జారి పొడవాటి ముక్కులో కలిసింది. మెడ పొడుగు. చెవి దగ్గర మచ్చ వెతికాను. వెతికాను, మళ్ళీ వెతికాను. లేదు. పక్కనున్న గోధుమతల గల్ దానికంటే పొట్టి మెడతో, మొద్దుగా, నల్లమచ్చతో నిలబడి ఉంది. ఈసారి నోటుబుక్కు తెరిచి తల దగ్గర మొదలుపెట్టాను. కన్ను, ముక్కు, కాలు, రెక్క కొస. ఒక్కో గడీ నాంచారమ్మ గారిని అడిగి, నేను చూసి, ఇద్దరిదీ ఒకటైతేనే రాశాను. పిట్ట మాకోసం ముప్పావుగంట ఓపికపట్టి, నది మీదుగా సముద్రం వైపు వెళ్ళిపోయింది.

ఫొటో లేదు. ఒకసారి తప్పు చెప్పినదాన్ని. పై ఆఫీసులో దాన్ని నమ్మలేదు, 'నిర్ధారణ కాలేదు' అని పక్కన పెట్టారు. నమ్మకపోవడం వాళ్ళ హక్కు, నేను ఒక్కసారి కూడా వాదించలేదు. నా నోటుబుక్కులో మాత్రం ఆ పేజీ పెన్నుతో రాసి ఉంది.

పేరు ఆఖరున రాశాను. ఇంకా ఒక గడి మిగిలింది. అందులో ముందు నాంచారమ్మ అని రాసి, దాని కింద నా పేరు రాశాను.